ఎంపీసీకి, బైపీసీకి నడుమ ఒక చదువు



డిగ్రీ, పీజీ రెండూ కలిపి త్వరగా ముగించే చదువుల గురించి అమెరికాలో పిల్లలున్న ఇళ్లవారు విని ఉంటారు. అక్కడ డిగ్రీకి 4 ఏళ్లు, మాస్టర్స్‌కు మరో 2 ఏళ్లు పడుతుంది. రెండింటికీ కలిపి చేరినవాళ్లు డిగ్రీ చివరి ఏడాదిలోనే మాస్టర్స్ పేపర్లు కొన్ని చదివేస్తారు. ఆ పేపర్లను రెండు పట్టాలకూ లెక్కేస్తారు. దాంతో 6 ఏళ్ల చదువు 5 ఏళ్లకు వస్తుంది. గణితంలో డిగ్రీ, బయోస్టాటిస్టిక్స్‌లో (జీవశాస్త్ర, వైద్య గణాంకాల్లో) మాస్టర్స్ అన్న జోడీకి ఈ పద్ధతి బాగా అమరుతుంది. ఎందుకంటే రెండోదానికి పునాది మొదటిదే. మన నిజామాబాద్ జిల్లాలోని కోటగిరి, వర్ని, రుద్రూరు, పోతంగల్ మండలాల్లో ఇంటర్ చదివే పిల్లలకు ఇలాంటి చదువు పనికొస్తుందా అన్నదే ఈ ప్రసంగం విషయం. పనికొస్తుందనే నా నమ్మకం. కానీ ఏడాది కలిసొస్తుంది కాబట్టి మంచిదంటూ మామూలుగా చెప్పే కారణం మన దగ్గర నిలవదు. మన పిల్లలకు కలిగే మేలు వేరే ఉంది. అది ఏడాది కంటే చాలా పెద్దది.

ముందు ఏళ్ల లెక్క చూద్దాం. మన బీఎస్సీ 3 ఏళ్లు, ఎమ్మెస్సీ 2 ఏళ్లు. మొత్తం 5. అమెరికాలో ఎంతో ఏర్పాటు చేసి 6 నుంచి 5కు దించిన చదువు మన దగ్గర మొదటి నుంచీ 5 ఏళ్లే. 2020 జాతీయ విద్యావిధానం నాలుగేళ్ల డిగ్రీ తెచ్చింది, దాని తర్వాత ఒక్క ఏడాది పీజీ చాలంది. అదీ 5 ఏళ్లే. ఇక త్వరగా ముగించే డిగ్రీ విషయానికొస్తే, 2024 నవంబరులో విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం (యూజీసీ) దానికి దారి తెరిచింది. అప్పుడు యూజీసీ అధ్యక్షుడు మన నల్లగొండ జిల్లా మామిడాల ఊరివాడైన ఆచార్య ఎం. జగదీశ్ కుమార్. మంజూరైన సీట్లలో 10 శాతం వరకు విద్యార్థులకు, వాళ్ల సత్తా చూసి, మూడేళ్ల డిగ్రీని 5 సెమిస్టర్లలో ముగించే వీలిచ్చారు. అంటే తగ్గేది ఆరు నెలలు. తరగతిలో పదిమందిలో ఒక్కరికి ఆరు నెలలు తగ్గించడం కోసం విశ్వవిద్యాలయం ఒక కొత్త కోర్సు పెట్టనక్కర్లేదు. కాబట్టి అమెరికా కోర్సు పేరును, అక్కడి ప్రచారాన్ని ఇక్కడికి తెచ్చుకుంటే మనకు దక్కేది ఏమీ లేదు. అందులోని మరో గుణాన్ని పట్టుకోవాలి. చదువు మధ్యలో తెగకుండా, మొదటి రోజు నుంచే చివరి రోజును దృష్టిలో పెట్టుకుని సాగడం ఆ గుణం.

అదెందుకు ముఖ్యమో తెలియాలంటే బయోస్టాటిస్టిక్స్ చేసే పనిని ఒకసారి దగ్గర్నుంచి చూడాలి. హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తయారుచేసిన కోవాగ్జిన్ టీకాను మూడో దశలో దేశంలోని 25 ఆస్పత్రుల్లో పరీక్షించారు. 25,798 మంది పేర్లు నమోదు చేసుకుని, చిట్టీ వేసినంత నిష్పక్షపాతంగా రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు టీకా, మరో గుంపుకు టీకా లేని సూది. ఎవరికి ఏది పడిందో వేసుకున్నవాళ్లకూ తెలియదు, వేసినవాళ్లకూ తెలియదు. లెక్క ఎప్పుడు తేల్చాలన్నది ముందే రాసిపెట్టుకున్నారు: లక్షణాలతో కూడిన కోవిడ్ కేసులు 130 తేలిన తర్వాత. ఆ 130లో టీకా గుంపువి 24, రెండో గుంపువి 106. లెక్కకు తీసుకున్నవాళ్లు ఒక గుంపులో 8,471 మంది, మరో గుంపులో 8,502 మంది, అంటే దాదాపు సమానం. టీకా ఏ పనీ చేయనిదైతే అటు 65, ఇటు 65 దరిదాపుల్లో రావాలి. 24, 106 వచ్చాయి కాబట్టి టీకా సామర్థ్యం 77.8 శాతమని తేల్చారు. అక్కడితో ఆగలేదు. అసలు విలువ 65.2కు, 86.4కు మధ్య ఎక్కడైనా ఉండవచ్చని కూడా చెప్పారు. 2021 నవంబరులో లాన్సెట్ పత్రికలో ఆ వివరాలు వచ్చాయి. 130 దాకా ఎందుకు ఆగాలి, 30 దగ్గర ఎందుకు ఆపకూడదు, ఆ హద్దులు 65.2, 86.4 ఎలా వచ్చాయి, మధ్యలో కబురు అందక జారిపోయినవాళ్లను ఎలా లెక్కించాలి అన్న ప్రశ్నలకు జవాబిచ్చేవాళ్లే బయోస్టాటిస్టిషన్లు. కోట్లమంది చేతికి సూది గుచ్చాలా వద్దా అన్న నిర్ణయం ఆ జవాబు మీదే నిలబడింది.

ఇప్పుడు మన ఇంటర్ పుస్తకాలు తెరవండి. ఆ 130 కేసుల్లో ఒక్కొక్కటీ అటా ఇటా అని చూసే లెక్కకు మూలం ద్విపద విభాజనం. ఎంపీసీ రెండో ఏడాది గణితం 2ఏ పుస్తకంలో అది ఉంది. టీకా వేస్తే ఒంట్లో ప్రతిరక్షకాలు ఎలా పుడతాయో బైపీసీ రెండో ఏడాది జువాలజీలో ఉంది. రెండూ ఒకే కాలేజీలో, పక్కపక్క గదుల్లో చెబుతారు. ఒక గదిలోని పిల్లలు రెండో గదిలోకి పోరు. పదో తరగతి ఫలితాలు వచ్చిన వారం పది రోజుల్లో, పదిహేను పదహారేళ్ల వయసులో, ఈ విభజన జరిగిపోతుంది. ఇంజనీరింగ్ అనుకున్నవాళ్లు జీవశాస్త్రాన్ని, డాక్టరు అనుకున్నవాళ్లు లెక్కల్ని జీవితాంతానికి వదిలేస్తారు. ఇంజనీరూ డాక్టరూ కాలేకపోయిన పెద్ద గుంపుకు కూడా ఆ విభజనే మిగులుతుంది. ఆంధ్రప్రదేశ్ ఇంటర్ బోర్డు 2025-26లో లెక్కలు, జీవశాస్త్రం కలిపి చదివే ఎం.బైపీసీకి వీలు కల్పించింది. మంచి అడుగే. తెలంగాణలోనూ అది రావాలి. వచ్చినా సరిపోదు. డిగ్రీలో ఆ పిల్లలు మళ్లీ ఏదో ఒక గదిలోకే పోవాలి. ఈ రెండు గదుల మధ్య తలుపు తీసే చదువు డిగ్రీ మొదటి ఏడాదిలోనే మొదలవకపోతే, పీజీ రెండో ఏడాదిలో ఒక ఐచ్ఛిక పేపరుగా పెట్టి లాభం లేదు.

ఎంపీసీ, బైపీసీల విభజన మొదటి తెగుదల అయితే, రెండోది డిగ్రీకీ పీజీకీ మధ్య ఉంది. దీని సంగతి పట్నం వాళ్లకంటే పల్లెవాళ్లకే బాగా తెలుసు. కోటగిరిలో ఇంటర్ అయినవాళ్లు డిగ్రీకి బోధన్‌కో బాన్సువాడకో నిజామాబాద్‌కో పోతారు. డిగ్రీ అయ్యాక పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాయాలి, కౌన్సెలింగ్ దాకా ఎదురుచూడాలి, సీటు ఎక్కడొస్తే అక్కడికి పోవాలి, హాస్టల్ వెతుక్కోవాలి, స్కాలర్‌షిప్పుకు మళ్లీ కాగితాలన్నీ పెట్టుకోవాలి. ఆ నాలుగైదు నెలల ఖాళీలోనే మగపిల్లలు ఏదో ఒక పనిలో కుదురుకుంటారు. ఆడపిల్లలకు సంబంధాలు చూడటం మొదలవుతుంది. చదువు ఆపమని ఎవరూ గట్టిగా అనకపోయినా అది ఆగిపోతుంది. ఇంటర్ తర్వాత ఒకే ప్రవేశంతో ఐదేళ్లూ సాగే చదువైతే, మూడో ఏడాది చివర పిల్ల ఇంటికొచ్చి మళ్లీ కొత్తగా అనుమతి అడగాల్సిన అవసరం ఉండదు. నన్నడిగితే ఈ ఒక్క కారణం చాలు. పైగా సిలబస్ చూసినా ఇదే తెగుదల కనిపిస్తుంది. పీజీలో చేరేవాళ్లు రకరకాల కాలేజీల నుంచి వస్తారు కాబట్టి, సంభావ్యత, విభాజనాలు, మాత్రికలు డిగ్రీలో చెప్పినవే పీజీ మొదటి సెమిస్టర్‌లో సాధారణంగా మళ్లీ చెబుతారు. తీరా రోగుల బతుకుకాలం లెక్కలు, క్లినికల్ ట్రయల్స్ రూపకల్పన, అంటువ్యాధుల విస్తరణ లాంటి అసలు విషయాలకు టైం మిగలదు. చివరికి ఎమ్మెస్సీ పట్టా పట్టుకుని పిల్లలు హైదరాబాద్ అమీర్‌పేటలో డబ్బు కట్టి, ట్రయల్స్ డేటాను విశ్లేషించే సాఫ్ట్‌వేర్ క్లినికల్ ఎస్‌ఏఎస్ నేర్చుకుంటారు. ఐదేళ్ల చదువులో ఇమడాల్సిన దానికి ఆరో ఏడాది, అదీ సొంత ఖర్చుతో.

కలిపి చదివే పద్ధతి మనకు కొత్తేమీ కాదు. కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ 1960లో బీ.స్టాట్, ఎం.స్టాట్ మొదలుపెట్టింది.  అక్కడ బీ.స్టాట్ బాగా పూర్తిచేసిన విద్యార్థి మరో ప్రవేశ పరీక్ష లేకుండా ఎం.స్టాట్‌లోకి వెళ్లగలడు. ఫీజు భారం లేదు, పైగా స్టైపెండు ఇస్తారు. ఆ కోర్సులకు రూపమిచ్చినవాళ్లలో జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ ఒకరు. గణాంకాలు నేర్చుకునే పిల్లలు ప్రకృతి శాస్త్రాలు కూడా చదవాలని ఆయన పట్టుబట్టాడు. అదే సంస్థలో 1941లో అడుగుపెట్టిన మన సి.ఆర్. రావు గారి చదువు చూడండి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎమ్మే, ఆ తర్వాత కలకత్తాలో 1943లో స్టాటిస్టిక్స్ ఎమ్మే. 1945లో, పాతికేళ్ల వయసులో, ఆయన పేరుతో ఇవాళ్టికీ ప్రపంచమంతా వాడుతున్న ఫలితాలు ఒకే పత్రంలో ప్రచురించారు. మరుసటి ఏడాది కేంబ్రిడ్జికి వెళ్లింది ఏ పనికి? సూడాన్‌లోని జెబెల్ మోయా దగ్గర తవ్వకాల్లో దొరికిన ప్రాచీన మానవుల ఎముకల కొలతల్ని విశ్లేషించడానికి. ఎన్నో కొలతల్ని ఒకేసారి చూసి ఈ ఎముకలు ఏ జనసమూహానికి దగ్గరో చెప్పే పద్ధతులు ఆ పనిలో పదునెక్కాయి. గణాంక శాస్త్రవేత్త ఆర్.ఎ. ఫిషర్ దగ్గర 1948లో డాక్టరేటు వచ్చింది కూడా ఆ పనిలోంచే. గణితం జీవశాస్త్రాన్ని కలిసిన చోట తెలుగువాడు ఒకడు ఎంత ఎత్తుకు పోయాడో దీనికి మించిన సాక్ష్యం అక్కర్లేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. రావు గారు ఏ ఇంటిగ్రేటెడ్ కోర్సూ చదవకుండానే అంతవారయ్యారు కదా అని. నిజమే. కానీ ఆయన రెండు ఎమ్మేలు చేయాల్సి వచ్చింది, ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా పోయినప్పుడు ఆ సంస్థ కంటబడింది, కేంబ్రిడ్జి మ్యూజియం ఆ సంస్థ స్థాపకుడు మహలనోబిస్‌ను మనిషిని పంపమని అడిగింది. ఇన్ని కలిసొస్తే ఒక సి.ఆర్. రావు తయారయ్యారు. కలిసిరాక ఆగిపోయినవాళ్ల లెక్క మన దగ్గర లేదు. మేధావి ఎలాగైనా దారి చేసుకుంటాడు. చక్కగా చదివే మామూలు విద్యార్థికి దారి వేసి ఉంచాల్సింది మాత్రం విశ్వవిద్యాలయమే.

మన రాష్ట్రంలో ఆ దారి సగం వేసే ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటర్ తర్వాత చేరే ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీల్లో గణిత శాస్త్రాలదీ ఉంది, సిస్టమ్స్ బయాలజీదీ ఉంది. మన జిల్లాలో, డిచ్‌పల్లిలో 2006లో వచ్చిన తెలంగాణ విశ్వవిద్యాలయం ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ కెమిస్ట్రీ నడుపుతోంది, ఫార్మాస్యూటికల్ కెమిస్ట్రీని అందులో ప్రత్యేక అంశంగా పెట్టింది. రసాయనశాస్త్రాన్ని మందుల తయారీతో జోడించిన విశ్వవిద్యాలయం, గణితాన్ని ఆ మందుల పరీక్షతో జోడించలేదా? జోడించవచ్చు. జోడించడానికి చుట్టుపక్కల సరుకూ ఉంది. రుద్రూరులో చెరకు, వరి పరిశోధనా స్థానం ఉంది. ఒక కొత్త వరి వంగడం పాతదానికంటే మేలా కాదా అని తేల్చడానికి అక్కడ మళ్లను భాగాలుగా చేసి, ఏ భాగంలో ఏ వంగడం వేయాలో యాదృచ్ఛికంగా నిర్ణయిస్తారు. టీకా పరీక్షలో మనుషుల్ని రెండు గుంపులు చేసే పద్ధతి పుట్టింది ఇలాంటి పొలాల్లోనే, ఫిషర్ చేతుల్లోనే. వానాకాలం, యాసంగి కోతల ముందు మండల గణాంక సిబ్బంది చేసే పంట కోత ప్రయోగం కూడా చూడండి. యాదృచ్ఛిక సంఖ్యలతో పొలాన్ని ఎంచుకుని, 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పున తాడు కట్టి, లోపలి వరి కోసి, నూర్చి, తూకం వేస్తారు. ఆ చతురస్రం చిన్నదైతే దిగుబడి ఎక్కువగా కనిపిస్తుంది. అంచు మీద ఉన్న దుబ్బుల్ని లోపలివిగా లెక్కేసే గుణం మనిషి చేతికి ఉంది, చతురస్రం చిన్నదయ్యేకొద్దీ మొత్తంలో అంచు వాటా పెరుగుతుంది. 1940లలో మహలనోబిస్, మరో గణాంక శాస్త్రవేత్త సుఖాత్మే ఈ విషయం మీద పెద్ద వాదన చేశారు. పొలం గట్టు మీద నిలబడి ఈ సంగతి అర్థం చేసుకున్న పిల్లకు, నమూనాల్లో దొర్లే పక్షపాతం గురించి పుస్తకం ఇంకా చెప్పాల్సింది సూత్రం ఒక్కటే.

ఆస్పత్రి వైపు చూసినా అంతే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్‌తోనే జరిగాయి. అప్పటికి దేశంలో మరే రాష్ట్రంలోనూ ఇంత లేదు. ప్రైవేటు ఆస్పత్రుల్లో 81.5, సర్కారు దవాఖానల్లో 44.5. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి ప్రైవేటువాళ్లు డబ్బు కోసమే కోస్తున్నారని ఒకరంటారు, కష్టమైన కేసులు తమ దగ్గరికి వస్తాయని వాళ్లంటారు, అసలు తల్లులే ముహూర్తం చూసుకుని అడుగుతున్నారని ఇంకొకరంటారు. ఇందులో ఏది ఎంతవరకు నిజమో తేలాలంటే వయసు, మొదటి కాన్పా రెండో కాన్పా, వెనుకటి ఆపరేషన్, బిడ్డ బరువు అన్నీ సరిపోల్చి చూడాలి. ఆ సరిపోల్చడం గణితమే, ఏమేం సరిపోల్చాలో తెలియడం వైద్యం. రెండూ తెలిసిన మనిషి జిల్లాకొకరున్నా ఈ వాదన ఇన్నేళ్లు ఇలా సాగేది కాదు.

పదిహేడేళ్ల పిల్లల్ని ఐదేళ్లకు కట్టిపడేయడం న్యాయమా అన్నది గట్టి అభ్యంతరమే. మూడేళ్ల తర్వాత బీఎస్సీ గణితం పట్టాతో బయటికి పోయే హక్కు లేకపోతే ఈ కోర్సు పెట్టకపోవడమే మేలు. ఆ పట్టాతో బీఎడ్ చేయగలగాలి, గ్రూప్స్ రాయగలగాలి, వేరే పీజీకి పోగలగాలి. అందుకే మొదటి మూడేళ్లు గణితం గట్టిగా ఉండాలి. జీవశాస్త్రం, గణాంకాలు దాని పక్కన నడవాలి. తలుపు లోపలికి తెరుచుకున్నంత సులువుగా బయటికీ తెరుచుకోవాలి.

త్వరపెడితే తెలుగు మీడియం పిల్లలు చితికిపోతారన్న భయం ఇంకా గట్టిది. దీన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. ప్రభుత్వ బడిలో తెలుగులో లెక్కలు నేర్చుకుని వచ్చినవాళ్లకు మొదటి ఏడాది వేగం కాదు, తీరిక కావాలి. ఇంగ్లీషు పాఠ్యపుస్తకం చదవడం, నిరూపణ రాయడం, కంప్యూటర్ మీద ఆర్ భాషలో చిన్న పట్టిక గీయడం, ఈ మూడింటికీ ఒక సెమిస్టర్ పోయినా నష్టం లేదు. యూజీసీ 2024లో త్వరగా ముగించే వీలుతో పాటే, డిగ్రీని రెండు సెమిస్టర్ల వరకు పొడిగించుకునే వీలు కూడా ఇచ్చింది.  మన జిల్లాకు ఆ రెండోదే ఎక్కువ విలువైనది. ఐదున్నరేళ్లు తీసుకుని నిలబడ్డ విద్యార్థి నాలుగున్నరేళ్లలో ముగించిన విద్యార్థికి ఏ విధంగానూ తీసిపోడు. ఒకే కోర్సులో ఇద్దరికీ చోటుండాలి.

ఇంత ఇరుకైన చదువు చదివితే ఉద్యోగాలు దొరుకుతాయా, కంప్యూటర్లే లెక్కలన్నీ చేస్తున్నప్పుడు ఈ మనుషులెందుకు అని అడిగేవాళ్లూ ఉంటారు. హైదరాబాద్ చుట్టూ మందుల, టీకాల కంపెనీలు, విదేశీ కంపెనీల ట్రయల్స్ డేటాను ఇక్కడ కూర్చుని విశ్లేషించే కేంద్రాలు ఉన్నాయి. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. కూడికలు, పట్టికలు యంత్రం చేస్తుంది, ఇంకా వేగంగా చేస్తుంది కూడా. 130 కేసుల దగ్గర ఆగాలా, ఎవరిని ఎవరితో పోల్చాలి, వచ్చిన అంకెను ఎంత నమ్మాలి అన్నవి మాత్రం ఎవరో ఒకరు సంతకం పెట్టి బాధ్యత తీసుకోవాల్సిన నిర్ణయాలు. మొదటి మూడేళ్లలో గట్టిపడిన గణితం ఉన్నవాళ్లకు బీమా, బ్యాంకులు, డేటా సైన్స్ దారులూ మూసుకుపోవు.

అన్నిటికంటే కష్టమైన ప్రశ్న పాఠం చెప్పేవాళ్లు ఎక్కడున్నారన్నది. జిల్లా విశ్వవిద్యాలయాల్లో రెగ్యులర్ అధ్యాపకుల కొరత అందరికీ తెలిసిందే. కొత్త బోర్డు తగిలించి, కాంట్రాక్టు అధ్యాపకుల మీద వదిలేసే కోర్సు పిల్లల్ని మోసం చేయడమే అవుతుంది. దీనికి జవాబు నిజామాబాద్‌లోనే ఉంది. 2013లో ఇక్కడ ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది, 2023లో కామారెడ్డిలో ఇంకొకటి. మెడికల్ కాలేజీల్లో కమ్యూనిటీ మెడిసిన్ విభాగానికి గణాంకాలు చెప్పే మనిషి కావాలి. ఎండీ చదివే ప్రతి డాక్టరూ థీసిస్ రాయాలి, ఎంతమంది రోగుల్ని చూస్తే చాలు అన్న మొదటి ప్రశ్న దగ్గరే చాలామంది తడబడతారు. గణితం చదివే పిల్లలకు నిజమైన రోగుల వివరాలు కావాలి, డాక్టర్లకు లెక్క తెలిసిన తోడు కావాలి. విశ్వవిద్యాలయం గణితం వైపు, మెడికల్ కాలేజీ వైద్యం వైపు చెబుతూ, మూడో ఏడాది నుంచి వారానికి ఒక రోజు ఇద్దరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టే ఒప్పందం రాసుకుంటే, 20 సీట్లతో మొదలుపెట్టడానికి కొత్తగా కావాల్సింది ముగ్గురు నలుగురు రెగ్యులర్ అధ్యాపకులు, ఒక కంప్యూటర్ ల్యాబు. డిచ్‌పల్లి నుంచి నిజామాబాద్ మెడికల్ కాలేజీకి బస్సులో గంట కూడా పట్టదు.